అనంతగిరి దిగుడుల పడిపోయిన, ఫుల్ సస్పెన్షన్ సైకిల్ కొనాల్నా వద్దా చెప్పండి

గండిపేట రైడర్:

అందరికీ నమస్తే. జర పొడుగు పోస్టు, కాని మొత్తం చెప్తేనే నా సమస్య అర్థమైతదని ఉన్నది ఉన్నట్టు రాస్తున్న.

నేను రెండేండ్ల సంది సైకిల్ తొక్కుతున్న, అయితే అంతా సాఫ్ రోడ్డు మీదనే. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ రూఫ్ కింద 23 కిలోమీటర్ల ట్రాక్ ఉంది కదా, 2023ల ఓపెన్ చేసినప్పటి సంది వారానికి మూడు రోజులు దాని మీదనే తిరుగుత, లేకపోతే గండిపేట చెరువు దిక్కు. నాది హార్డ్‌టెయిల్, అంటే దెబ్బలు తట్టుకునే సస్పెన్షన్ ముందట మాత్రమే ఉంటది, 29 ఇంచుల చక్రాలు, ముందు చక్రం పట్టుకునే ఫోర్క్ 100 ఎంఎం దిగేది, మెకానికల్ డిస్క్ బ్రేకులు. నా బరువు 74 కిలోలు.

మా దోస్తు ఒకడు ఉన్నడు, కాలేజ్ నాటి దోస్తు, వాడు ఐదారేండ్ల సంది గుట్టలల్ల తొక్కుతడు. ఒక్కసారి రా, ఒక్కసారి రా అని ఏడాది సంది పిలుస్తున్నడు. మొన్న ఆదివారం కుదిరింది. పొద్దుగాల నాలుగున్నరకు లేచి, రెండు సైకిళ్ళ ముందు చక్రాలు పీకి కారుల ఇరికించి, మొయినాబాద్, చేవెళ్ళ మీదికెళ్ళి పోయినం. చేవెళ్ళ మర్రిచెట్ల కింద ఇంకా చీకటే ఉంది. మన్నెగూడల చాయ్ తాగి వికారాబాద్ దాటి అనంతగిరి గుట్ట ఎక్కేసరికి ఆరున్నర. అది రిజర్వ్ ఫారెస్ట్ కాబట్టి వాడు ముందే అడిగి, సైకిళ్ళు ఎక్కడిదాక పోనిస్తరో తెలుసుకున్నడు.

మొదటి గంట మస్తు ఉండె. వానలు అయిపోయి రెండు వారాలే కదా, అడవి అంత పచ్చగ, మట్టి ఎర్రగ, తొవ్వ పక్కన సన్న నీళ్ళు పారుతున్నయి. మూసీ పుట్టేది ఈ గుట్టలల్లనే కదా, హైదరాబాద్‌ల ఆ నది ముఖం చూసినోనికి ఇక్కడి నీళ్ళు చూస్తే మనసుకు ఏదో అయితది.

తర్వాత దిగుడు మొదలైంది. అక్కడ తొవ్వ అంటే తొవ్వ కాదు, వాననీళ్ళు కోసుకుంట పోయిన గాడి. నడుమ గాడి, రెండు దిక్కుల మొరం, ఆ మొరంల కోడిగుడ్డంత రాళ్ళు కొన్ని, గోలీలంత రాళ్ళు లెక్కలేనన్ని. మావోడు ముందట పోయిండు. వాని సైకిల్ ఫుల్ సస్పెన్షన్, అంటే ముందట వెనక రెండు దిక్కుల ఉంటది, నీళ్ళల్ల చేప లెక్క పోయింది. నేను సీటు వెనకకు ఎంత వీలైతే అంత జరిగిన, వెనకకు ఒరగాలె అని వీడియోలల్ల చూసిన కదా, నాలుగు వేళ్ళతోని రెండు బ్రేకులు గట్టిగ పట్టుకున్న. హ్యాండిల్ చేతులల్ల అదురుతనే ఉంది, ఒక రాయి తగిలితే పండ్లు టకటక కొట్టుకుంటున్నయి. ఇరవై మీటర్లు పోయిన్నో లేదో, ఎడమకు తిరిగే కాడ ముందు చక్రం కింద మొరం దొర్లింది, అంతే, చక్రం నా కింద లేదు. ఎడమ మోచెయ్యి, మోకాలు చెక్కుకపోయినయి. హెల్మెట్ పక్క కూడ ఒక రాయికి తగిలింది, కాని పైకి ఏం కాలే.

మావోడు సైకిల్ అక్కడనే పడేసి ఉరికొచ్చిండు. ముందు నన్ను లేపలే, కూసోబెట్టి భుజం, మెడ, మణికట్టు ఒక్కొక్కటి కదిలించి చూసిండు, నీ పేరేంది, ఇయ్యాల ఏ వారం అని అడిగిండు. బాటిల్‌ల నీళ్ళు మొత్తం నా మోచెయ్యి మీదనే పోసిండు, వానికి తాగుడుకు కూడ ఉంచుకోలే.

ఇంకో సంగతి, దిగేముందు వాడు నా టైర్లు వత్తి చూసి రాయి లెక్క ఉన్నయిరా అన్నడు. నేను ఎప్పుడు గాలి 50 పీఎస్ఐ ఒత్తిడికి కొట్టిస్త, టైర్ మీద 65 దాక రాసి ఉంది. వాడు కొంత గాలి తీసిండు, వాడు అటు తిరగంగనే నేను ఇంకింత తీసిన, మెత్తగ ఉంటే మంచిది కదా అని. పడ్డంక అర కిలోమీటర్ కూడ పోలే, వెనక చక్రం ఒక రాయికి ధన్‌మని కొట్టుకొని పంక్చర్. ట్యూబ్ తీసి కొంచెం గాలి కొట్టి, వాడు దాన్ని కింది పెదవి కాడ పెట్టుకొని మెల్లగ తిప్పిండు. గాలి ఎక్కడ తాకుతదో అక్కడ బెజ్జం. చూస్తే పక్కపక్కన రెండు బెజ్జాలు, అచ్చం పాము కరిచినట్టు.

ఇప్పుడు అసలు సంగతి. ప్యాచ్ ఏసినంక మళ్ళ ఒక దిగుడు వచ్చింది, మొదటిదాని అసొంటిదే. నేను దిగి నడుస్త అన్న. వాడు నా సైకిల్ ఇయ్యిరా అన్నడు. సీటు నాలుగు వేళ్ళంత కిందికి దింపిండు, ఫోర్క్ మీద కుడి పక్క నీలం రంగు గుండీ ఏదో తిప్పిండు, ఎక్కిండు, పోయిండు. నా సైకిల్, అదే హార్డ్‌టెయిల్, అదే టైర్లు. చప్పుడు లేకుండ దిగిండు. కింద మోదుగు చెట్టు కాడ ఆగి చెయ్యి ఊపిండు. నేను పైన వాని సైకిల్ పట్టుకొని నిలబడ్డ, మాట రాలే.

రోజంతా వాడు ప్రతి మలుపు కాడ నా కోసం ఆగిండు. ఒక్కసారి కూడ ఎంతసేపురా అనలే. నాకదే ఎక్కువ బాధైంది. వాని ఆదివారం నేను ఖరాబు చేసిన అనిపిస్తుంది.

ఒక ఫుల్ సస్పెన్షన్ చూసి పెట్టుకున్న, లక్షా ఎనభై వేలు. పైసలు జమ చేసుకున్న. కొనాల్నా? లేకపోతే ఈ సైకిల్‌తోని అయ్యే పనేనా? నిజం చెప్పండి.

పాత చైన్:

తమ్ముడూ, ముందు మోచెయ్యి ఎలా ఉందో చెప్పు. తర్వాత ఒక పని చెయ్యి. ఇప్పుడే కిందకి వెళ్ళి సైకిల్ ఫోర్క్ కుడి కాలు పైన ఉన్న ఆ నీలం గుండీ ఎటు తిరిగి ఉందో చూడు. లాక్ గుర్తు దగ్గర ఉందా, ఓపెన్ దగ్గర ఉందా? తర్వాత ముందు బ్రేక్ పట్టుకుని హ్యాండిల్ మీద బరువేసి కిందకి నొక్కు. ఫోర్క్ కిందకి దిగుతుందా లేదా చెప్పు. అది తెలిశాక మిగతాది మాట్లాడదాం.

గండిపేట రైడర్:

అన్నా, ఇప్పుడే పోయి చూసిన. గుండీ ఓపెన్ దిక్కే ఉంది, అంటే మావోడు తిప్పిన తర్వాత నేను ముట్టలే. నొక్కితే నాలుగు వేళ్ళంత దిగుతుంది. అటు తిప్పి నొక్కితే అసలు కదలట్లే. కొన్నప్పుడు షాపుల రోడ్డు మీద తొక్కుతా అంటే లాక్ చేసి ఇచ్చిన్రు, రెండేండ్ల సంది అట్లనే ఉండె. అది తిప్పుకునేదని నాకు తెల్వదు. మోచెయ్యి నయం, మంట తగ్గింది.

పాత చైన్:

నాకు అదే అనుమానం వచ్చింది. నువ్వు పడింది లాక్ చేసిన ఫోర్క్ మీద. అంటే సస్పెన్షన్ లేనట్టే. చేతులు అదరడం, పళ్ళు కొట్టుకోవడం అందుకే. రోడ్డు మీద ఎత్తు ఎక్కేటప్పుడు ఫోర్క్ ఊగి బలం వేస్ట్ అవకుండా లాక్ చేస్తారు, రాళ్ళలో మాత్రం తియ్యాల్సిందే. ముందు చక్రం ప్రతి రాయి మీదా ఎగిరెగిరి పడుతుంటే నేలని పట్టుకునేదెప్పుడు? గాల్లో ఉన్న చక్రానికి బ్రేకూ లేదు, స్టీరింగూ లేదు.

కానీ అదొక్కటే కాదు. నువ్వు రాసిన దాంట్లో ఇంకో మూడున్నాయి, నేను కూడా మొదట్లో ఖాజాగూడ గుట్టల్లో ఇవే తప్పులు చేసి భుజం మీద పడ్డాను కాబట్టి చెప్తున్నా.

వెనక్కి ఒరగడం. వీడియోల్లో చూసి అందరూ ఇదే పట్టుకుంటారు. నిజంగా నిట్టనిలువుగా మెట్టులాంటిది దిగేటప్పుడు వెనక్కి జరగాలి, సందేహం లేదు, కానీ మామూలు దిగుడులో అంత వెనక్కి పోతే ముందు చక్రం మీద బరువుండదు. బరువు లేని చక్రం మొరంలో తిరగదు, జారుతుంది. నీకు ఎడమ మలుపులో జరిగింది అక్షరాలా అదే. నిలబడు, రెండు పెడల్సూ నేలకి సమానంగా ఒకే ఎత్తులో పెట్టు, మడమలు కొంచెం కిందకి దించు, మోకాళ్ళు వంచు, మోచేతులు బయటికి తీసి వంచు, గడ్డం హ్యాండిల్ పైకొచ్చేలా ముందుకి వంగు, నడుం సీటుకి కొంచెం వెనకాల. బరువంతా అరికాళ్ళ మీదే ఉండాలి. చేతులు హ్యాండిల్‌ని తాకి ఉంటే చాలు, వేలాడకూడదు. సరిగ్గా నిలబడ్డావో లేదో తెలుసుకోవాలంటే, చదునుగా ఉన్నచోట అలా నిలబడి వేళ్ళు వదులు చెయ్యి, ముందుకి తూలకుండా ఉంటే కరెక్ట్.

ఇలా నిలబడాలంటే సీటు కింద ఉండాలి. మీవాడు నాలుగు వేళ్ళు దింపింది అందుకే. సీటు రోడ్డుకి పెట్టినంత ఎత్తులో ఉంటే దిగుడులో అది నీ తొడలకి అడ్డం, సైకిల్ నీ కింద కదలడానికి చోటుండదు. డ్రాపర్ పోస్ట్ ఉంటే బటన్ నొక్కి దింపుకోవచ్చు, లేకపోతే దిగి సీటుని బిగించే క్విక్ రిలీజ్ తీసి దించుకో, అర నిమిషం పని.

ఇంక బ్రేకులు. నాలుగు వేళ్ళతో పట్టుకుంటే చక్రం లాక్ అయిపోతుంది, హ్యాండిల్ పట్టుకోవడానికి మిగిలేది బొటనవేలొక్కటే. లివర్ మీద ఒక్క చూపుడువేలు, ఆ వేలు కూడా లివర్ చివర్న. నీవి మెకానికల్ డిస్కులు కదా, కేబుల్ సాగి లివర్ దాదాపు హ్యాండిల్‌కి తగిలేదాకా నొక్కాల్సి వస్తుంటే లివర్ దగ్గరున్న బ్యారెల్ (తిప్పే చిన్న గుండీ) బయటికి తిప్పి కేబుల్ బిగించు. మలుపులో బ్రేక్ వెయ్యకు. మలుపుకి ముందు, నేల గట్టిగా ఉన్నచోట వేగం తగ్గించి, మొరం వచ్చేసరికి వదిలేసి దొర్లనివ్వు. భయం వేసినప్పుడు వదలడం చాలా కష్టం, నాకు తెలుసు. అయినా బ్రేక్ పట్టిన చక్రం కంటే దొర్లే చక్రమే నిలబడుతుంది.

లక్షా ఎనభై వేలు మాత్రం ఇప్పుడు ముట్టుకోకు. మీ ఫ్రెండ్ నీ సైకిల్ దింపి చూపించింది గొప్ప కోసం కాదని నాకనిపిస్తోంది. నువ్వు కొత్త సైకిల్ కొనబోతున్నావని వాడికి తెలుసా?

స్పోక్ సెట్టు:

నేను గాలి గురించే మాట్లాడత, మిగిలింది అన్న చెప్పిండు.

నీకు పడ్డది పాముకాటు పంక్చరే, దాని పేరే అది. గాలి తక్కువున్నప్పుడు టైర్ రాయికి కొట్టుకుంటే నలిగి, ట్యూబ్ రాయికి రిమ్ముకు నడుమ ఇరుక్కుంటది, రిమ్ముకు రెండు అంచులు కాబట్టి రెండు బెజ్జాలు. ముల్లు పంక్చర్ అయితే ఒక్కటే ఉంటది. బెజ్జం చూడంగనే కారణం తెలుస్తది, కారణం తెల్వకుండ ప్యాచ్ ఏస్తే మళ్ళ పోతది.

65 అన్నది టైర్ తట్టుకునే ఎక్కువల ఎక్కువ, కొట్టుమన్న లెక్క కాదు. 50 పెడితే టైర్ బంతి లెక్క ఎగురుతది, నేలను పట్టదు. చేతితోని వత్తి తీస్తే 18కి పోయిందా 20కి పోయిందా ఎవ్వనికి తెల్వదు. నీ బరువుకు, ట్యూబ్ టైర్లకు, ముందట 28, వెనక 31తోని మొదలుపెట్టు. వెనక ఎప్పుడు రెండు మూడు ఎక్కువ, ఎందుకంటే బరువు అటే ఉంటది, రాళ్ళు కూడ అదే గట్టిగ తింటది. ఒక చిన్న గేజ్ కొనుక్కో. ఒక రైడ్ చేసి, రిమ్ము రాయికి తాకిన చప్పుడు వస్తే రెండు పెంచు, రాకపోతే ఒకటి తగ్గించి చూడు. అట్ల నీ లెక్క నీకు దొరుకుతది. ఆ లెక్క సైకిల్ ఫ్రేమ్ కింది పైపు, అదే డౌన్ ట్యూబ్ మీద టేప్ అంటిచ్చి రాసిపెట్టుకో, నేను అట్లనే చేస్త.

అనంతగిరి దిక్కు రాళ్ళు ఒక బాధ అయితే, చెరువు కట్టల దిక్కు తొక్కితే సర్కారు తుమ్మ ముండ్లు ఇంకో బాధ. అది టైర్‌ల ఇరిగి లోపలనే ఉంటది. ట్యూబ్ మార్చే ముందు టైర్ లోపల ఒక గుడ్డ పెట్టి చుట్టూ తిప్పు, ఎక్కడ పట్టుకుంటదో అక్కడ ముల్లు ఉంటది. ఉత్త ఏలితోని తిప్పకు, కోసుకుంటది. మూడు నాలుగు నెలలు రెగ్యులర్‌గ గుట్టలకు పోతవు అనిపిస్తే, నీ రిమ్ములు సపోర్ట్ చేస్తే ట్యూబ్‌లెస్ చేయించు. లోపల సీలెంట్ పోస్తరు, చిన్న ముల్లు గుచ్చితే పాల లెక్క కారి అదే మూస్కుంటది, ట్యూబ్ ఉండదు కాబట్టి పాముకాటు బాధ చాల తక్కువ. అయితే మన ఎండలకు సీలెంట్ రెండు మూడు నెలలల్ల ఎండిపోతది, మళ్ళ పోసుకోవాలె.

ప్యాచ్ ఏసేటప్పుడు సొల్యూషన్ రాయంగనే అంటించొద్దు. గీకి, రాసి, తడి మెరుపు పోయిందాక ఆగి, అప్పుడు అంటించి బొటనవేలితోని నిమిషం నొక్కాలె. గుట్ట మీద తొందర పడితేనే రెండోసారి పోతది. ఒక స్పేర్ ట్యూబ్, చిన్న పంపు, చైన్ తెగితే ఏసే క్విక్ లింక్, చైన్ టూల్, వెనక గేర్‌ను పట్టుకునే ఒక గేర్ హ్యాంగర్ వెంట పెట్టుకో. ఈ హ్యాంగర్ మీ సైకిల్ మోడల్‌దే కావాలె, వేరేది పట్టదు. పడ్డప్పుడు వెనక గేర్ పక్కన ఆ అల్యూమినియం ముక్క వంగుతది, అది వంగి ఉంటే మొదటి గేర్ ఏసినప్పుడు చైన్ మార్చే డిరైలర్ స్పోకులల్ల పడి చక్రమే పోతది. నువ్వు ఎడమ పక్క పడ్డవు కాబట్టి బతికిపోయినవు, అయినా ఒకసారి వెనక నుంచి కూసొని చూడు, గేర్ నిలువుగ ఉందా లోపలికి వంగిందా అని.

బెంటన్‌విల్ తెలుగు రైడర్:

నేను అమెరికాలో ఆర్కన్సాలో ఉంటాను, బెంటన్‌విల్. వాల్‌మార్ట్ హెడ్డాఫీస్ ఊరు కాబట్టి మన తెలుగువాళ్ళు చాలామందే ఉంటారు ఇక్కడ. ఇంటి నుంచి పది నిమిషాలు తొక్కితే అడవిలో సైకిల్ ట్రెయిల్, ఊరు చుట్టూ అవే. నేను వచ్చేదాకా గేర్ సైకిల్ ముట్టుకోలేదు, ఆఫీసులో ఒకాయన తీసుకెళ్ళాడు, ఆరేళ్ళయింది.

ఇక్కడ ట్రెయిల్ మొదట్లో బోర్డుంటుంది, ఆకుపచ్చ గుండ్రం అంటే తేలిక, నీలం చతురస్రం అంటే మధ్యస్థం, నల్ల డైమండ్ అంటే కష్టం, రెండు నల్ల డైమండ్లుంటే తెలిసినవాళ్ళకే. మన దగ్గర అలా బోర్డులు లేవు, అందుకని మొదటిరోజే మీరు బహుశా నల్ల డైమండ్ లాంటి దాంట్లోకి దిగారు. రోడ్డు నుంచి నేరుగా దాంట్లోకి దిగితే ఎవరైనా పడతారు, ఇందులో మీ చేతగానితనం ఏమీ లేదండి.

నాకు నేర్పినాయన చెప్పిన పద్ధతి చెప్తాను. కష్టమైన చోటు రాగానే సైకిల్ పక్కన పెట్టి కిందదాకా నడిచి దిగండి. తర్వాత కింద నుంచి పైకి చూడండి, పైనుంచి కనపడని గాడి, దాటే దారి కింద నుంచి కనపడతాయి. ఏ రాయికి ఎడమ పక్కనుంచి పోవాలో, ఎక్కడ బ్రేక్ వదలాలో అనుకుని, నోటితో పైకి చెప్పుకుని, అప్పుడు ఎక్కండి. మొదటిసారి నిదానంగా, రెండోసారి అదే దారిన మళ్ళీ, మూడోసారికి వేగం దానంతటదే వస్తుంది. చూపు చక్రం ముందున్న రాయి మీద ఉంటే చక్రం ఆ రాయి మీదకే పోతుంది, ఇది ఎందుకో గానీ నిజం. నాలుగైదు మీటర్ల ముందుకి, మీరు వెళ్ళాలనుకున్న చోటుకి చూడండి.

సైకిల్ గురించి ఒక్క మాట. ఈ ఆట, అంటే మౌంటెన్ బైకింగ్, పుట్టింది కాలిఫోర్నియాలో, మారిన్ కౌంటీలో. 1976 అక్టోబర్ 21న ఫెయిర్‌ఫాక్స్ ఊరి దగ్గర కొండ మట్టిరోడ్డు మీద కుర్రాళ్ళు పందెం పెట్టుకుని దిగారు, మూడు కిలోమీటర్ల పైచిలుకు దారి, దాదాపు 400 మీటర్ల దిగుడు. వాళ్ళ దగ్గరున్నవి లావు టైర్ల పాత సైకిళ్ళు, సస్పెన్షన్ అన్న మాటే లేదు. చాలా సైకిళ్ళకి పెడల్ వెనక్కి తొక్కితే పడే బ్రేకే ఉండేది, కిందకొచ్చేసరికి చక్రం మధ్యలోని హబ్బు వేడెక్కి లోపల గ్రీజంతా పొగైపోయేది. ప్రతిసారీ విప్పి మళ్ళీ గ్రీజు పెట్టి ప్యాక్ చెయ్యాల్సి వచ్చేది కాబట్టి ఆ దారికి రీప్యాక్ అనే పేరొచ్చింది. ఆ గుంపులోంచే జో బ్రీజ్, గ్యారీ ఫిషర్ లాంటివాళ్ళు మౌంటెన్ బైకులు కట్టడం మొదలుపెట్టారు, ఇరవై ఏళ్ళకి 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో ఇది ఒక పోటీ అయ్యింది. ఓపెన్ చేసిన 100 ఎంఎం ఫోర్కూ, డిస్క్ బ్రేకులూ ఉన్న మీ సైకిల్ వాళ్ళ కలలో కూడా లేనిది.

భీమిలి సైక్లిస్ట్:

నేను వైజాగ్ అండి, ఇద్దరు ఫ్రెండ్స్‌తో కలిసి నాలుగేళ్ళుగా ఇక్కడి కొండల్లో తొక్కుతున్నాను. టెక్నిక్ గురించి అంతా చెప్పేశారు, ఎవరూ చెప్పని రెండు మూడు విషయాలున్నాయి.

మొదటిది హెల్మెట్. రాయికి తగిలింది అన్నారు, పైకి ఏం కాలేదు అన్నారు. అది పనికిరాదండి, మార్చెయ్యండి. లోపలున్న ఫోమ్ దెబ్బని నలిగి మింగుతుంది, ఒకసారి నలిగితే మళ్ళీ తేరుకోదు, పైన పగులు కనపడకపోయినా సరే. నా ఫ్రెండ్ ఒకమ్మాయి పడినప్పుడు హెల్మెట్ బయట ఒక గీత మాత్రమే, లోపల ప్యాడ్ పీకి చూస్తే ఫోమ్ చీలిపోయి ఉంది. ఆ లక్షా ఎనభై వేలలోంచి ముందు దానికి తియ్యండి, తర్వాత మోకాలి ప్యాడ్లకి, నిండా వేళ్ళున్న గ్లౌజులకి. రెండోది టెటనస్ ఇంజెక్షన్. మట్టి పడిన గాయం కదా, చివరిసారి వేయించుకుని ఐదేళ్ళు దాటి ఉంటే ఇవాళే వెళ్ళి అడగండి.

ఒకచోట నేను పాత చైన్ గారితో పూర్తిగా ఏకీభవించను. ఫుల్ సస్పెన్షన్ వృథా కాదు. నాకు నడుం నొప్పి ఉండేది, హార్డ్‌టెయిల్ మీద మూడు గంటలు తొక్కితే రెండు రోజులు వంగలేకపోయేదాన్ని, మార్చాక అది పోయింది. కాకపోతే నేను మార్చింది రెండేళ్ళ తర్వాత. ఈలోపు హార్డ్‌టెయిల్ నాకు దారి చూడడం నేర్పింది. వెనక సస్పెన్షన్ తప్పుల్ని కప్పేస్తుంది కాబట్టి, ముందే కొంటే మీరు తప్పుతోనే ఇంకా వేగంగా వెళ్తారు, అప్పుడు పడేది కూడా వేగంగానే.

ఇంకొకటి, చక్రం లాక్ చేసి ఈడ్చుకుంటూ దిగితే దారి చెడిపోతుంది. ఆ ఈడ్చిన గీతలోంచే వచ్చే వానకి నీళ్ళు పారి కొత్త గాడి పడుతుంది. ఎర్రమట్టి మరీ త్వరగా కోసుకుపోతుంది. మా దగ్గర ఎర్రమట్టి దిబ్బలున్నాయి కదా, వేల ఏళ్ళ జియో హెరిటేజ్ చోటు, అక్కడ చక్రాల గీతలు చూసినప్పుడల్లా కడుపు తరుక్కుపోతుంది, అక్కడికి మేం సైకిల్ తీసుకెళ్ళం. అనంతగిరిలో మేకలు, పశువులు కాసేవాళ్ళు ఎదురవుతారు, అది వాళ్ళ దారి. దిగి పక్కకి జరిగి నిలబడి, మంద మొత్తం పోయాక కదలండి, వెనకనుంచి బెల్ కొడుతూ వెళ్తే మేకలు బెదిరి లోయలోకి దూకుతాయి.

మీ ఫ్రెండ్ ఆదివారం పాడు చేశాను అన్నారు చూశారా, అది చదివి మనసుకి కష్టంగా అనిపించింది. నేను కూడా కొత్తవాళ్ళని తీసుకెళ్తుంటాను కాబట్టి వాడి వైపు నుంచి చెప్తున్నా. వాడు ఏడాదిగా పిలుస్తున్నాడంటే ఒక్కడే తొక్కి తొక్కి విసుగొచ్చి ఉంటుంది. అడవిలో ఒక్కరు పోకూడదు, తోడు లేక ఆగిపోయిన ఆదివారాలు నాకెన్నో. మలుపు దగ్గర ఆగి వెనక నుంచి చక్రం చప్పుడు వినపడేదాకా చూడడం కూడా రైడేనండి. వాడిని ఒకసారి అడిగి చూడండి.

గండిపేట రైడర్:

అందరికీ చాల చాల థాంక్స్. మూడు వారాలైంది, మళ్ళ పోయొచ్చినంకనే రాద్దామని ఆగిన.

ముందుగాల ఇంజెక్షన్ ఏయించుకున్న, హెల్మెట్ కొత్తది కొన్న. పాతదాని లోపల ప్యాడ్ తీసి చూస్తే చిటికెనవేలు పొడుగు చీలిక ఉంది. అక్కా, నువ్వు చెప్పకపోతే అదే పెట్టుకొని పోతుంటి. హ్యాంగర్ సక్కగనే ఉంది. గేజ్ కొన్న, 28, 31.

రెండు వారాలు మా కాలనీ ఎనక ఖాళీ జాగల కంకర కుప్ప పరిచి ఉంటే దాని మీదనే పొద్దున అరగంట ప్రాక్టీస్ చేసిన. నిలబడి ఏళ్ళు వదులు చేసి చూసుడు, ఒక్క ఏలితోని బ్రేకు. మొదట్ల తొడలు మస్తు గుంజినయి, అంటే ఇన్ని రోజులు బరువు చేతుల మీద ఏసిననే కదా.

మావోన్ని అడిగిన, నీ ఆదివారం ఖరాబు చేసిన్నా అని. వాడు కొద్దిసేపు ఏం అనలే. తర్వాత చెప్పిండు, వానితోని తొక్కేటోళ్ళు ఇద్దరు ఉండేటోళ్ళంట, ఒకాయన బెంగళూరు పోయిండు, ఒకాయనకు పాప పుట్టింది, ఎనిమిది నెలల సంది వాడు ఒక్కసారి కూడ గుట్టకు పోలేదంట, ఒక్కనివే పోవద్దని ఇంట్ల ఒట్టు పెట్టించుకున్నరంట. నేను లక్షా ఎనభై వేల సంగతి చెప్తే, అందుకే నీ సైకిల్ దింపి చూపిచ్చినరా, పైసలు పోతయని, అన్నడు. పాత చైన్ అన్నా, నువ్వు అన్నది నిజం.

నిన్న మళ్ళ అదే దిగుడు. ఇద్దరం సైకిళ్ళు పైన పెట్టి కిందిదాక నడిచినం. కింద నుంచి చూస్తే నిజంగనే వేరే కనపడ్డది, నేను పడ్డ కాడ గాడికి కుడి పక్కన రెండు జానల ఎడల్పు గట్టి నేల ఉంది, పైనుంచి గడ్డి అడ్డం వచ్చి కనపడదు. మావోడు ఆడ ఒక ఎండిన టేకు ఆకు పెట్టి, మీద రాయి పెట్టిండు, ఆకు మీదికెళ్ళి పో అన్నడు. పైకి పోయి సీటు దింపిన, గుండీ చూసుకున్న, ఓపెన్. ఈసారి నువ్వే ముందు అన్నడు.

ఆకు దాక బ్రేకు, ఆకు కాడ వదిలిన. గుండె ఆగినట్టైంది కాని చక్రం దొర్లుకుంట పోయింది, మొరం కింద కరకర అంటనే ఉంది, ఫోర్క్ కొట్టుకుంటనే ఉంది, చేతులకు మాత్రం తాకలే. మలుపు తిరిగింది. కింద ఆగి ఎనకకు తిరిగి చూస్తే వాడు పైన్నే నిలబడి రెండు చేతులు ఎత్తి ఒర్రుతున్నడు. వాడు దిగేదాక నేను కింద వాని కోసం ఆగిన.

కొత్త సైకిల్ ఇప్పుడైతే కొంటలేను. స్పోక్ సెట్టు అన్నా, నా రిమ్ముల మీద ట్యూబ్‌లెస్ రెడీ అని రాసి ఉంది, రిమ్ము లోపల అంటించే టేపు ఎంత ఎడల్పుది తీసుకోవాలె, రిమ్ము లోపల కొలిస్తే 25 ఎంఎం వచ్చింది. వచ్చేవారం మళ్ళ పోతున్నం, అంతకంటె ముందు చేయించుకోవాలె.

స్పోక్ సెట్టు:

లోపల 25 ఉంటే టేపు 28 నుంచి 30 నడుమ తీసుకో, రెండు అంచులకు ఎక్కి కూసోవాలె. అంటించే ముందు రిమ్ము స్పిరిట్‌తోని తుడువు, గట్టిగ గుంజి అంటించు, వాల్వ్ బెజ్జం దాటి ఒక జానెడు ఎక్కువ ఏయి. వచ్చేవారం నేను కూడ రావొచ్చా? నాకు కూడ తోడు లేక ఏడాదైతుంది. మన్నెగూడ చాయ్ కాడికి ఆరింటికల్ల వస్త.

గండిపేట రైడర్:

రా అన్నా. సీతాఫలాలు ఇంకా వస్తున్నయి, పోయేటప్పుడు తొవ్వల కొనుక్కుందాం.